వాడిన చేతి తుపాకి విలువ నిర్ధారణ

వాడిన చేతి తుపాకి విలువ నిర్ధారణ అనగా ఒకరి స్వాధీనంలో కొంతకాలం ఉన్న పిస్తోలును లేదా రివాల్వరును తిరిగి అమ్మేముందు దానికి న్యాయమైన ధర ఎంతో తేల్చే పద్ధతి. పౌరుల వద్ద చేతి తుపాకులు పెద్ద సంఖ్యలో ఉండి, వాటి మరు అమ్మకం చట్టబద్ధంగా సాగే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ పద్ధతి బాగా అభివృద్ధి చెందింది. అక్కడ దీనికోసం ప్రత్యేకమైన ధరల పుస్తకాలు, స్థితిని కొలిచే ప్రమాణాలు, వేలం సంస్థలు, తుపాకి పుట్టుపూర్వోత్తరాలను ధ్రువీకరించే పత్రాలు ఉన్నాయి.

తుపాకి ఏటేటా ఒకే తీరున విలువ కోల్పోయే వస్తువు కాదు. చూపుకు ఒకేలా ఉన్న రెండు తుపాకులలో ఒకటి కొన్ని వందల డాలర్లు, మరొకటి కొన్ని వేల డాలర్లు పలకవచ్చు. ఈ తేడా తెలియక ఎక్కువగా నష్టపోయేవారు వారసులు. తండ్రి లేదా తాత మరణించిన తరువాత బీరువాలో దొరికిన తుపాకిని మొదట కనిపించిన వ్యాపారికి చెప్పిన ధరకు ఇచ్చివేయడం, మెరిపిద్దామని రుద్ది పాత పూతను పోగొట్టడం, చట్టం తెలియక పొరుగు రాష్ట్రంలోని బంధువుకు నేరుగా అమ్మడం వారు సాధారణంగా చేసే పొరపాట్లు. మొదటి రెండింటి వలన డబ్బు పోతుంది. మూడవది నేరమవుతుంది.

న్యాయమైన విలువ అంటే

అమెరికా పన్నుల శాఖ వాడే నిర్వచనం ప్రకారం, ఏ ఒత్తిడీ లేని అమ్మకందారు, ఏ ఒత్తిడీ లేని కొనుగోలుదారు, ఇద్దరికీ విషయం తగినంత తెలిసి ఉండగా కుదుర్చుకునే ధరే న్యాయమైన మార్కెట్ విలువ. ఇందులోని మూడు షరతులూ ముఖ్యమైనవే. అత్యవసరంగా డబ్బు కావలసి అమ్మినపుడు వచ్చినది న్యాయమైన విలువ కాదు. ఇద్దరు సేకరణకర్తలు పట్టుదలతో పెంచుకుంటూ పోయిన ఒకే ఒక్క వేలంపాట ధర కూడా కాదు. యజమానికి ఆ తుపాకిపై గల మమకారానికి మార్కెట్టులో వెల లేదు.

ఒకే తుపాకికి ఒకే సమయంలో మూడు ధరలు ఉంటాయి:

• చిల్లర ధర: దుకాణంలో కొనుగోలుదారు చెల్లించేది. మూడింటిలో ఇది ఎక్కువ.
• వ్యక్తుల మధ్య ధర: ఒక పౌరుడు మరొక పౌరునికి అమ్మినపుడు కుదిరేది.
• వ్యాపారి కొనుగోలు ధర: దుకాణదారు తిరిగి అమ్మే ఉద్దేశంతో చెల్లించేది. ఇది సాధారణంగా చిల్లర ధరలో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు ఉంటుంది.

వ్యాపారి తక్కువ ధర చెప్పడం దానంతట అది మోసం కాదు. దుకాణం అద్దె, సరుకు అమ్ముడుపోయే వరకు నిలిచిపోయే పెట్టుబడి, చట్టం కోరే రికార్డుల నిర్వహణ, లాభం అన్నీ ఆ తేడాలోనే ఉంటాయి. అయితే తనకు చెప్పిన ధర ఈ మూడింటిలో ఏదో అమ్మకందారు గుర్తించాలి.

గుర్తింపు

పరిశీలనకు ముందు తుపాకిలో తూటాలు లేవని నిర్ధారించుకోవడం మొదటి నియమం. పిస్తోలు నుంచి మ్యాగజైన్ తీసివేసినంత మాత్రాన గొట్టం వెనుక గదిలో తూటా లేదని అర్థం కాదు. స్లైడును వెనుకకు లాగి గదిని కంటితో చూడాలి. రివాల్వరు అయితే సిలిండరును తెరిచి అన్ని గదులనూ చూడాలి. తుపాకుల గురించి తెలియని వారసులు ఈ పనిని తెలిసినవారి చేత చేయించడం మేలు.

తరువాత తుపాకిని ఖచ్చితంగా గుర్తించాలి. తయారీదారు, నమూనా, తూటా పరిమాణం, గొట్టం పొడవు, పూత రకం, క్రమ సంఖ్య అనే ఆరు వివరాలు లేకుండా ఏ ధరల పుస్తకమూ ఉపయోగపడదు. స్మిత్ అండ్ వెసన్ రివాల్వరు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ సంస్థ 1899లో 'మిలిటరీ అండ్ పోలీస్' పేరిట ప్రవేశపెట్టిన .38 రివాల్వరు తరువాతి కాలంలో 'మోడల్ 10' అయింది. ఇది 60 లక్షలకు పైగా తయారైంది. సంస్థ 1957 నుంచి నమూనా సంఖ్యలను వాడుతున్నది. సిలిండరును పక్కకు తెరిచినపుడు దానిని మోసే చేయి అమరే చోట చట్రంపై ఈ సంఖ్య కనిపిస్తుంది. అంతకు ముందు తయారైన వాటిపై నమూనా సంఖ్య ఉండదు కాబట్టి క్రమ సంఖ్య, ఇతర లక్షణాల ఆధారంగా గుర్తించాలి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇదే రివాల్వరును క్రమ సంఖ్యకు ముందు 'వి' అక్షరంతో తయారుచేశారు. వీటిని 'విక్టరీ' నమూనా అంటారు. బ్రిటన్‌కు, కామన్వెల్త్ దేశాలకు పంపిన వాటిలో .38/200 అనే వేరొక తూటా వాడేవారు. యుద్ధానంతరం వీటిలో చాలావాటి గదులను .38 స్పెషల్ తూటాకు అనుగుణంగా లోతు చేశారు. మొదటి గది వెడల్పు ఎక్కువ కావడం వలన ఇలా మార్చిన తుపాకులలో పేల్చిన తూటా తొడుగులు ఉబ్బడం, కొన్నిసార్లు పగలడం జరుగుతుంది. మార్పు లేని విక్టరీ తుపాకిని సేకరణకర్తలు కోరుకుంటారు. మార్చినదాని విలువ చాలా తక్కువ. పైనుంచి చూస్తే రెండింటికీ తేడా తెలియదు.

స్థితి ప్రమాణాలు

ధరను నిర్ణయించే అంశాలలో గుర్తింపు తరువాతి స్థానం స్థితిది. 'బాగుంది', 'కొత్తదానిలా ఉంది' వంటి మాటలు ఒక్కొక్కరికి ఒక్కొక్క అర్థాన్నిస్తాయి. అందువలన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆధునిక తుపాకులకు ఒక శ్రేణిని నిర్దేశించింది. దాని సారాంశం:

• కొత్తది: ఇంతకు ముందు చిల్లరగా అమ్ముడుపోనిది, ప్రస్తుతం తయారవుతున్నది.
• పరిపూర్ణం: అన్ని విధాలా కొత్త స్థితిలో ఉన్నది.
• అత్యుత్తమం: కొద్దిగా మాత్రమే వాడినది. కొయ్యపై, లోహంపై చెప్పుకోదగిన గీతలు లేవు. గొట్టం కొనవద్ద, అంచులవద్ద తప్ప నీలిపూత చెక్కుచెదరలేదు.
• చాలా మంచిది: చక్కగా పనిచేస్తుంది. కదిలే భాగాలలో చెప్పుకోదగిన అరుగుదల లేదు. తుప్పు గుంటలు లేవు. పైపైన చిన్న గీతలు ఉండవచ్చు.
• మంచిది: సురక్షితంగా పనిచేస్తుంది. కొద్ది అరుగుదల ఉంది. విరిగిన భాగాలు లేవు.
• పరవాలేదు: సురక్షితంగా పనిచేస్తుంది కాని బాగా అరిగింది. చిన్న భాగాలు మార్చవలసి రావచ్చు.

పాతకాలపు తుపాకులకు వేరే శ్రేణి ఉంది. దానిలో ప్రమాణాలు కొంత సడలింపుగా ఉంటాయి. కావున ఒకే 'మంచిది' అనే మాట రెండు శ్రేణులలో రెండు స్థితులను సూచిస్తుంది.

'బ్లూ బుక్ ఆఫ్ గన్ వాల్యూస్' అనే ధరల పుస్తకం శాతాల పద్ధతిని అనుసరిస్తుంది. తయారైన నాటి అసలు పూతలో ఎంత మిగిలి ఉన్నదో శాతంలో చెప్పి, ప్రతి శాతానికి ఎదురుగా ధరను ఇస్తుంది. శాతాన్ని అంచనా వేయడానికి ఛాయాచిత్రాలను కూడా ప్రచురిస్తుంది. సేకరణకర్తలు కోరుకునే నమూనాలలో 98 శాతానికి, 90 శాతానికి మధ్య ధరలో పెద్ద వ్యత్యాసం ఉంటుంది. సాధారణ నమూనాలలో ఈ వ్యత్యాసం తక్కువ. యజమానులు తమ తుపాకి స్థితిని ఉన్నదానికంటే ఒక మెట్టు ఎక్కువగా అంచనా వేయడం సర్వసాధారణం.

యాంత్రిక పరీక్ష

పూత ఎంత బాగున్నా లోపల దెబ్బతిన్న తుపాకికి విలువ ఉండదు. రివాల్వరులో సుత్తిని వెనుకకు లాగినపుడు సిలిండరు గది గొట్టానికి సరిగ్గా ఎదురుగా వచ్చి బిగుసుకోవాలి. సిలిండరు ముందువెనుకలకు ఎక్కువగా ఊగరాదు. గొట్టం వెనుక అంచున పగుళ్లు ఉండరాదు. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 వంటి తేలికపాటి చట్రం గల రివాల్వర్లలో శక్తివంతమైన మాగ్నం తూటాలు ఎక్కువగా పేల్చిన పక్షంలో ఈ అంచు కింది భాగాన పగుళ్లు ఏర్పడే అవకాశం ఉంది. పిస్తోలులో స్లైడు, చట్రం కలిసే పట్టాల అరుగుదల, గొట్టం లోపలి గుంటలు, భద్రతా మీట పనితీరు చూడాలి. పాత సైనిక తూటాలలోని రసాయనాల వలన గొట్టం లోపల తుప్పు గుంటలు ఏర్పడతాయి. లోపలికి వెలుతురు పంపి చూస్తే ఇవి కనిపిస్తాయి.

పోలీసు శాఖల నుంచి మార్కెట్టుకు వచ్చిన తుపాకులు ఇందుకు భిన్నంగా ఉంటాయి. ఏళ్ల తరబడి నడుముకు ఉన్న ఒరలో రాపిడికి గురికావడం వలన వాటి పూత పోయి ఉంటుంది. అయితే ఎక్కువగా పేల్చకపోవడం వలన లోపలి భాగాలు చాలావరకు బాగుంటాయి. 1980, 1990 దశకాలలో అమెరికా పోలీసు శాఖలు రివాల్వర్లను వదలి గ్లాక్ వంటి పిస్తోళ్లకు మారినపుడు ఇలాంటి రివాల్వర్లు పెద్ద సంఖ్యలో అమ్మకానికి వచ్చాయి.

విలువను ప్రభావితం చేసే అంశాలు

అసలుదనం: సేకరణకర్తలు తయారైన నాటి రూపాన్నే కోరుకుంటారు. అరిగిన పాత తుపాకికి కొత్త నీలిపూత వేయిస్తే చూడడానికి బాగుంటుంది కాని సేకరణ విలువ తరచుగా సగానికి పడిపోతుంది. పూత వేసేముందు లోహాన్ని రుద్దడం వలన ముద్రాక్షరాల అంచులు మసకబారతాయి. నిపుణులు కొత్త పూతను దీనినిబట్టే గుర్తిస్తారు. అమ్మేముందు మెత్తని గుడ్డతో, పలుచని నూనెతో తుడవడానికి మించి ఏమీ చేయరాదు.

సంఖ్యల సరిపోలిక: జర్మనీకి చెందిన లూగర్ పిస్తోలులో చిన్న భాగాలపై కూడా క్రమ సంఖ్యలోని చివరి అంకెలు ముద్రించేవారు. అన్ని భాగాల సంఖ్యలూ కలిసిన లూగర్‌కు, ఒక్క భాగం మారిన లూగర్‌కు ధరలో ఎంతో తేడా ఉంటుంది.

అరుదుతనం: అమెరికా సైన్యానికి 1911ఎ1 పిస్తోలును రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పలు సంస్థలు తయారుచేశాయి. టైపురైటర్ల సంస్థ రెమింగ్టన్ రాండ్ అత్యధికంగా తయారుచేసింది. కుట్టుమిషన్ల సంస్థ సింగర్ 500 మాత్రమే తయారుచేసింది. అదే నమూనా అయినప్పటికీ సింగర్ ముద్ర గల పిస్తోలు ఇతరులు చేసిన దానికంటే అనేక రెట్లు ఎక్కువ ధర పలుకుతుంది. ఆ కారణంగా నకిలీ ముద్రలు కూడా పుట్టుకొచ్చాయి.

తయారీ నిలిచిపోవడం: కోల్ట్ సంస్థ 1955లో ప్రవేశపెట్టిన పైథాన్ రివాల్వరు తయారీ 2005 నాటికి ఆగిపోయింది. ఆ తరువాత పాత పైథాన్ల ధరలు బాగా పెరిగాయి. 2020లో కోల్ట్ తిరిగి కొత్త పైథాన్‌ను విడుదల చేసింది. పాతవాటిని సేకరణకర్తలు వేరుగానే లెక్కిస్తారు.

పెట్టె, పత్రాలు: అసలు పెట్టె, సూచనల పుస్తకం, అదనపు మ్యాగజైన్, మొదటి కొనుగోలు రసీదు ఉంటే విలువ పెరుగుతుంది. స్మిత్ అండ్ వెసన్, కోల్ట్ తుపాకుల యజమానులు రుసుము చెల్లించి, ఆ తుపాకి కర్మాగారం నుంచి ఏ తేదీన ఎక్కడికి వెళ్ళిందో తెలిపే పత్రాన్ని పొందవచ్చు. 'ఇది ఫలానా ప్రముఖుని తుపాకి' అన్న కుటుంబ కథకు పత్రాల మద్దతు లేనిదే మార్కెట్టులో అదనపు ధర రాదు.

దిగుమతి ముద్ర: 1968 తుపాకుల నియంత్రణ చట్టం తరువాత అమెరికాకు దిగుమతి అయిన తుపాకులపై దిగుమతిదారు పేరు ముద్రించాలి. ఆ ముద్ర గల పాత సైనిక తుపాకుల ధర ముద్ర లేని వాటికంటే తక్కువ.

రాష్ట్ర చట్టాలు: కాలిఫోర్నియాలో వ్యాపారులు కొత్తగా అమ్మదగిన చేతి తుపాకులకు ప్రభుత్వ జాబితా ఉంది. జాబితాలో లేని తుపాకులను ఆ రాష్ట్రంలో ఇప్పటికే కలిగి ఉన్నవారు మరొక వ్యక్తికి అమ్ముకొనవచ్చు. అందువలన ఇతర రాష్ట్రాలలో సాధారణ ధర పలికే తుపాకి అక్కడ ఎక్కువ ధర పలుకుతుంది.

కాలం: ఎన్నికలు, కొత్త చట్టాల భయం, సామాజిక అలజడి వంటి సమయాలలో గిరాకీ పెరుగుతుంది. 2020లో అమెరికా జాతీయ నేపథ్య తనిఖీ వ్యవస్థ సుమారు 3.97 కోట్ల తనిఖీలు చేసింది. తనిఖీల సంఖ్య అమ్మకాల సంఖ్యతో సమానం కాకపోయినా గిరాకీ తీవ్రతను తెలుపుతుంది. అలాంటి కాలంలోని ధరలను తరువాతి కాలానికి ప్రమాణంగా తీసుకొనరాదు.

ధరల సమాచారం

ధరల పుస్తకాలు నమూనాను గుర్తించడానికి, స్థితుల మధ్య తేడా తెలుసుకోవడానికి బాగా ఉపయోగపడతాయి. అయితే అచ్చయ్యే నాటికే వాటిలోని ధరలు కొంత పాతబడతాయి. నిజమైన మార్కెట్టును తెలిపేవి పూర్తయిన అమ్మకాలు. 1999లో మొదలైన గన్‌బ్రోకర్ వంటి వేలం వేదికలలో ముగిసిన వేలంపాటల ధరలు చూడవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. అమ్మకందారు అడుగుతున్న ధర వేరు, కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ధర వేరు. నెలల తరబడి అమ్ముడుపోని తుపాకిపై రాసిన ధర దేనికీ ఆధారం కాదు. పెద్ద వేలం సంస్థలు ప్రకటించే ధరలలో కొనుగోలుదారు చెల్లించే అదనపు రుసుము కలిసి ఉండవచ్చు. ఆ భాగం అమ్మకందారుకు చేరదు.

అరుదైన తుపాకుల విషయంలో రుసుము తీసుకుని లిఖితపూర్వకంగా విలువ కట్టే నిపుణుని ఆశ్రయించడం ఉత్తమం. విలువ కట్టిన వ్యక్తే ఆ తుపాకిని కొంటానని ముందుకు వస్తే ఆ అంచనాపై ఆధారపడరాదు. వారసత్వపు ఆస్తికి పన్ను లెక్కలో మరణించిన తేదీ నాటి న్యాయమైన విలువే సాధారణంగా మూలధరగా పరిగణించబడుతుంది. అందువలన ఆ నాటి లిఖిత అంచనా తరువాత కూడా అవసరమవుతుంది.

లెక్కింపు ఉదాహరణ

కింది అంకెలు పద్ధతిని వివరించడానికి ఊహించినవి మాత్రమే. 'చాలా మంచిది' స్థితిలో ఉన్న ఒక మోడల్ 10 రివాల్వరును అమ్మవలసి ఉన్నదనుకుందాం. దాని అసలు పిడి చెక్కలు పోయి వేరేవి అమర్చి ఉన్నాయి. గత కొద్ది నెలలలో పూర్తయిన 5 అమ్మకాలు 430, 450, 470, 480, 690 డాలర్లు. 690 డాలర్లకు అమ్ముడైనది పెట్టెతో సహా వాడని స్థితిలో ఉన్నందున దానిని పోలికకు తీసుకొనరాదు. మిగిలిన నాలుగింటి మధ్యస్థం 460 డాలర్లు. అసలు పిడి చెక్కలు కొనడానికి 40 డాలర్లు అవుతుందనుకుంటే ఈ తుపాకి న్యాయమైన విలువ సుమారు 420 డాలర్లు.

ఇప్పుడు అమ్మకందారు చేతికి వచ్చే సొమ్మును పోల్చవచ్చు:

• అదే రాష్ట్రంలోని వ్యక్తికి అమ్మి, బదిలీ రుసుము 30 డాలర్లు తానే భరిస్తే 390 డాలర్లు.
• వేలం వేదికలో అమ్మి, వేదిక రుసుము 25, రవాణా ఖర్చు 45 డాలర్లు పోతే 350 డాలర్లు.
• దుకాణంలో కమీషను పద్ధతిపై ఉంచి, 20 శాతం ఇస్తే 336 డాలర్లు.
• వ్యాపారి న్యాయమైన విలువలో 60 శాతానికి వెంటనే కొంటే 252 డాలర్లు.

చివరి మార్గంలో సొమ్ము తక్కువైనా పని ఒక్కరోజులో ముగుస్తుంది, చట్టపరమైన బాధ్యత వ్యాపారి చూసుకుంటాడు. మొదటి మార్గంలో సొమ్ము ఎక్కువైనా కొనుగోలుదారు ఎవరో తెలుసుకునే భారం అమ్మకందారుపై ఉంటుంది. విలువ ముందే తెలిసి ఉంటే ఈ 138 డాలర్ల తేడాను తెలిసే వదులుకోవచ్చు, లేదా నిలుపుకోవచ్చు.

చట్టపరమైన అంశాలు

1968 చట్టం ప్రకారం లైసెన్సు లేని వ్యక్తి వేరొక రాష్ట్ర నివాసికి నేరుగా తుపాకి అమ్మరాదు. కొనుగోలుదారు రాష్ట్రంలోని లైసెన్సు గల వ్యాపారి ద్వారానే బదిలీ జరగాలి. వీలునామా ద్వారా లేదా వారసత్వంగా సంక్రమించే తుపాకులకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. అయితే వారసుడు తిరిగి అమ్మినపుడు నియమం వర్తిస్తుంది. కొనుగోలుదారు నిషేధిత వ్యక్తి అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి అమ్మడం నేరం. కాలిఫోర్నియా, న్యూయార్క్, కొలరాడో, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలలో వ్యక్తుల మధ్య అమ్మకాలకు కూడా నేపథ్య తనిఖీ తప్పనిసరి. 1898లో లేదా అంతకు ముందు తయారైన తుపాకులను సమాఖ్య చట్టం పురాతన వస్తువులుగా పరిగణిస్తుంది. అందువలన తయారీ సంవత్సరం ధరకే కాక చట్టానికి కూడా ముఖ్యం. క్రమ సంఖ్యను చెరిపివేసిన తుపాకి విలువ శూన్యం. దానిని కలిగి ఉండడమే నేరం.

భారతదేశంలో

భారతదేశంలో చేతి తుపాకుల మార్కెట్టు చాలా చిన్నది, దాని ధరల సూత్రం వేరు. 1980ల మధ్య నుంచి వ్యక్తులు తుపాకులను దిగుమతి చేసుకోవడం, క్రీడాకారుల వంటి మినహాయింపులు తప్ప, దాదాపుగా నిలిచిపోయింది. సరఫరా పెరగని కారణంగా అంతకు ముందు వచ్చిన వెబ్లీ అండ్ స్కాట్ వంటి విదేశీ తుపాకులకు అవి తయారైన దేశాలలో కంటే ఇక్కడ ఎక్కువ ధర పలికింది. కాన్పూరులో తయారైన .32 రివాల్వర్లు స్వదేశీ ప్రత్యామ్నాయంగా ఉన్నాయి. 2014లో అక్కడే విడుదలైన 'నిర్భీక్' అనే తేలికపాటి రివాల్వరు ధర అప్పట్లో లక్షా ఇరవై వేల రూపాయలు దాటింది.

1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సుదారు తన తుపాకిని అర్హత గల మరొకరికి అమ్మదలచినపుడు జిల్లా మేజిస్ట్రేటుకు లేదా సమీప పోలీసు స్టేషను అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. 2019 సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. కొనుగోలుదారులు లైసెన్సుదారులకే పరిమితం కావడం వలన ఇక్కడ అమ్మకందారు కోరే ధరకంటే అర్హత గల కొనుగోలుదారు దొరకడమే అసలు సమస్య అవుతుంది.

ఇవి కూడా చూడండి

• రివాల్వర్
• పిస్తోలు
• భారత ఆయుధాల చట్టం, 1959
• వేలంపాట